గ్లూకోజు బాటిల్‌లో బలం ఎంత? – కెలోరీమీటరు చెప్పే లెక్క

"సిస్టరుగారూ, మా నాయన నాలుగు రోజుల నుంచి ఏమీ తినటం లేదు. ఇంకో రెండు బాటిళ్ళు ఎక్కించండమ్మా, కాస్త బలం వస్తుంది."

వార్డులో ఈ మాట వినని రోజు ఉండదు. అడిగేవాళ్ళ తప్పేమీ లేదు. సీసా నిండా మందు కనిపిస్తోంది, చుక్క చుక్కగా ఒంట్లోకి దిగుతోంది, పైగా దాని పేరు గ్లూకోజు. బలం రాకుండా ఎలా ఉంటుంది అనుకుంటారు. నేను కూడా డిప్లొమా పూర్తిచేసి కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో అలాగే అనుకున్నాను. అప్పట్లో ఒక పెద్దాయనకు కడుపు ఆపరేషన్ అయింది. డాక్టరుగారు మూడో రోజు నుంచి మెత్తటి ఆహారం పెట్టమని కేసు షీటులో రాశారు. కోడలు వచ్చి "అన్నం పెడితే కుట్లు చీముపడతాయేమో, బాటిల్ ఎక్కుతోందిగా, చాలదా?" అని అడిగింది. "చాల్లే అమ్మా, ఎక్కుతోందిగా" అన్నాను. మరో నాలుగు రోజులు ఆయన పలుచని బార్లీ నీళ్ళ మీదే ఉన్నాడు. మంచం మీద లేచి కూర్చోలేకపోయాడు. పెద్ద సిస్టరుగారు రౌండ్సుకు వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి ఒక కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆ లెక్కనే ఈ పాఠంలో మీకు చెబుతాను. అయితే అది అర్థం కావాలంటే ముందు ఒక పరికరం గురించి తెలుసుకోవాలి. దాని పేరు కెలోరీమీటరు, అంటే వేడిని కొలిచే పాత్ర.

వేడికి కొలత

బియ్యాన్ని కిలోల్లో, పాలను లీటర్లలో కొలుస్తాం. వేడిని కెలోరీల్లో కొలుస్తారు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కించడానికి పట్టే వేడి ఒక కెలోరీ. ఒక కిలో నీటిని, అంటే ఇంచుమించు లీటరు నీటిని, ఒక డిగ్రీ వేడెక్కించేది కిలో కెలోరీ. ఆహారం విషయంలో మనం మామూలుగా "కెలోరీలు" అనేవన్నీ నిజానికి కిలో కెలోరీలే. బిస్కెట్ ప్యాకెట్ వెనుక ఎనర్జీ అని రాసి పక్కన ఉండే అంకె కూడా ఇదే. ఇక్కడి నుంచి నేను కెలోరీ అన్నా దాన్ని కిలో కెలోరీ అనే అర్థం చేసుకోండి.

ఒక పదార్థం ఒక గ్రాము పూర్తిగా కాలినప్పుడు ఎంత వేడి విడుదల అవుతుందో దానిని ఆ పదార్థపు దహనోష్ణం అంటారు. కట్టెకైనా, కిరోసిన్‌కైనా, వేరుశనగ గింజకైనా దహనోష్ణం ఉంటుంది.

మా అబ్బాయి పదో తరగతిలో ఉండగా సైన్సు ప్రాజెక్టు కోసం ఇంట్లోనే దీన్ని కొలిచాం. ఖాళీ పాలపొడి డబ్బాలో 100 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి వేలాడదీశాం. అర గ్రాము తూగిన వేరుశనగ పప్పును గుండుసూదికి గుచ్చి, అగ్గిపుల్లతో అంటించి డబ్బా కింద పెట్టాం. (పిల్లలు ఒంటరిగా చేయకూడదు. నూనె గింజ కదా, ఊహించినదానికన్నా పెద్ద మంట వస్తుంది.) నీళ్ళు 28 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు చేరాయి. 100 గ్రాముల నీళ్ళు 12 డిగ్రీలు పెరిగాయంటే 1,200 చిన్న కెలోరీలు, అంటే 1.2 కిలో కెలోరీలు. మరి పుస్తకంలో చూస్తే వేరుశనగ 100 గ్రాములకు 567 కెలోరీలు అని ఉంది. ఆ లెక్కన అర గ్రాముకు 2.8 రావాలి. సగానికి పైగా ఎక్కడికి పోయింది? డబ్బా రేకు కొంత తీసుకుంది, గాలి కొంత తీసుకుంది, డబ్బా అడుగున మసి అయింది, సూదికి నల్లటి బొగ్గు మిగిలింది. మావాడు ప్రయోగం తప్పయిందని దిగులుపడ్డాడు. తప్పు కాదు, వేడిని బయటికి పోనివ్వకుండా పట్టడం ఎంత కష్టమో తెలిసింది, అంతే.

బాంబు అనే పాత్ర

ఆ పోయే వేడిని పోనివ్వకుండా పట్టేదే బాంబు కెలోరీమీటరు. పేరు విని భయపడకండి, అది పేలదు. గట్టి ఉక్కుతో చేసిన, బిగుతైన మూత ఉన్న గిన్నె అది. తూకం వేసిన పదార్థాన్ని, సుమారు ఒక గ్రాము, తడి లేకుండా ఆరబెట్టి బిళ్ళలా నొక్కి లోపల చిన్న మూసలో పెడతారు. మూత బిగించి, ఆక్సిజన్‌ను మామూలు గాలి పీడనానికి 25 నుంచి 30 రెట్ల ఒత్తిడితో నింపుతారు. ఈ గిన్నెను కొలిచిన నీళ్ళలో ముంచుతారు. నీళ్ళ చుట్టూ వేడి బయటికి పోకుండా మరో తొడుగు ఉంటుంది. లోపలికి వెళ్ళిన సన్నటి తీగ గుండా కరెంటు పంపితే పదార్థం భగ్గున అంటుకుని, అంత ఆక్సిజన్‌లో మసి, బొగ్గు మిగలకుండా కాలిపోతుంది. ఆ వేడంతా గిన్నెకు, నీళ్ళకు చేరుతుంది. నీళ్ళను కలియబెడుతూ, డిగ్రీలో వందో వంతును కూడా చూపే థర్మామీటరుతో పెరుగుదల చూస్తారు.

అయితే గిన్నె, తొడుగు, కలియబెట్టే రెక్క కూడా కొంత వేడి తాగుతాయి కదా. దాన్ని ఎలా లెక్కించాలి? ముందుగా బెంజోయిక్ ఆమ్లం అనే పదార్థాన్ని కాలుస్తారు. ఒక గ్రాము కాలితే 6.3 కెలోరీలు వస్తాయని కచ్చితంగా తెలుసు. తక్కెడను సరిచూడడానికి ప్రభుత్వ ముద్ర ఉన్న తూకపు రాయి వాడినట్లే ఇదీ. ఒక పరికరంలో నీళ్ళు ఒక డిగ్రీ పెరగడానికి 2.4 కెలోరీలు పడుతుందని తేలిందనుకుందాం. తరువాత ఒక గ్రాము పంచదార కాలిస్తే 1.64 డిగ్రీలు పెరిగింది. 2.4ను 1.64తో గుణిస్తే 3.94. పంచదార దహనోష్ణం అదే. ఒక గ్రాము నూనె కాలిస్తే దాదాపు 3.9 డిగ్రీలు పెరుగుతుంది, అంటే 9.4 కెలోరీలు. తాలింపులో ఒక చెంచా నూనెను ఎందుకంత లెక్కగా చూడమంటారో ఇక్కడే తెలుస్తుంది.

ఇందులో ఉప్పు బిళ్ళ పెట్టి తీగ అంటిస్తే? థర్మామీటరు కదలదు. ఉప్పు కాలదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఒంట్లో మంట లేదు కదా?

నర్సింగు విద్యార్థినులు కూడా ఇదే అడుగుతారు. కడుపులో మంట లేనప్పుడు పొయ్యిలో కాల్చిన లెక్క ఒంటికి ఎలా పనికొస్తుంది? ఫ్రాన్స్ దేశంలో లవోయిజర్, లాప్లాస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1783 ప్రాంతంలో ఒక గినీపందిని మంచు నింపిన పాత్ర మధ్య ఉంచారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో, అది ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలిందో రెండూ కొలిచారు. బొగ్గు కాలినప్పటి లెక్కతో పోల్చి, ఊపిరి పీల్చడం అంటే నెమ్మదిగా జరిగే దహనమే అని చెప్పారు. తరువాత 1840లో హెస్ అనే శాస్త్రజ్ఞుడు, పదార్థం ఏ దారిలో మారినా మొదలు, చివర ఒకటే అయితే మొత్తం వేడి ఒకటే అని నిరూపించాడు. కొండ మీదకు మెట్ల దారిన వెళ్ళినా, ఘాట్ రోడ్డున వెళ్ళినా ఎక్కిన ఎత్తు ఒకటే కదా.

1890ల్లో అమెరికాలో ఆట్‌వాటర్ అనే ఆయన ఏకంగా మనిషి పట్టేంత కెలోరీమీటరు గది కట్టించారు. అందులో మనిషి రోజుల తరబడి ఉండి, తిని, పడుకుని, వ్యాయామం చేసేవాడు. గోడల్లోని గొట్టాల గుండా పారే నీళ్ళు అతని వేడిని తీసుకుపోయేవి. తిన్న తిండి లెక్క, బయటికి వచ్చిన వేడి లెక్క సరిపోయాయి.

ఒంట్లో ఆ శక్తి ఒక్కసారి భగ్గుమనకుండా, చిల్లర నాణేల్లాగా కొద్ది కొద్దిగా ఖర్చవుతుంది. ఆ చిల్లర పేరు ఏ.టి.పి. దాన్ని కనుగొన్నవారిలో మన తెలుగువాడు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డ్‌లో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1929లో దీన్ని ప్రకటించారు. అదే సంవత్సరం జర్మనీలో లోహ్‌మన్ కూడా కనుగొన్నారు. మన ఓ.పి.లో గర్భిణీలకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనుక కూడా సుబ్బారావుగారి బృందం కృషి ఉంది. ఇది పాఠానికి కాస్త పక్కమాటే. అయినా మన జిల్లాల పిల్లలకు ఆయన పేరు తెలియదని నాకు బాధ, అందుకే రాశాను.

పత్తికీ బియ్యానికీ తేడా

బాంబు కెలోరీమీటరుకు ఒక లోపం ఉంది. అది కాలేదాన్నంతా లెక్కిస్తుంది, అరిగేదేదో దానికి తెలియదు. మన పెనుగొలను చుట్టుపక్కల చేలల్లో పండే పత్తిని ఒక గ్రాము కాలిస్తే నాలుగు కెలోరీలకు కొంచెం పైన వస్తుంది. బియ్యంలోని పిండిపదార్థానికీ ఇంచుమించు అంతే వస్తుంది. పత్తిని తిని బతకగలమా? పత్తిలోని పీచును విడగొట్టే శక్తి మన పేగులకు లేదు. గేదె కడుపులోని సూక్ష్మజీవులకు ఉంది కాబట్టే అది వరిగడ్డి తిని పాలిస్తుంది.

మాంసకృత్తుల విషయం వేరు. బాంబులో గ్రాముకు 5.65 కెలోరీలు ఇస్తాయి. ఒంట్లో మాత్రం వాటిలోని నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది, దానితోపాటు కొంత శక్తీ పోతుంది, అరగకుండా కొంత పోతుంది. ఇవన్నీ తీసేసి ఆట్‌వాటర్ మూడు అంకెలు ఇచ్చారు. పిండిపదార్థాలు గ్రాముకు 4, మాంసకృత్తులు 4, కొవ్వు 9. నేటికీ ఆహార పట్టికల్లో ఎక్కువగా ఈ పద్ధతిలోనే లెక్క కడతారు. ప్రతి పదార్థాన్నీ బాంబులో పెట్టరు, అందులో పిండి ఎంత, కొవ్వు ఎంత, మాంసకృత్తులు ఎంత అని పరీక్షించి గుణిస్తారు.

మనదేశంలో ఈ పని చేసిన సంస్థ హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో ఒక్క గదిలో మెక్‌కారిసన్ దొర బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన పరిశోధనే అది. 1958లో హైదరాబాదుకు మారింది. డాక్టర్ గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణ్యన్‌గార్లు తయారుచేసిన భారతీయ ఆహారాల పోషక విలువల పుస్తకం దేశమంతటా ఆసుపత్రుల్లో వాడారు. 2017లో ఆ సంస్థే కొత్త పట్టికలు తెచ్చింది. నాకు చదువుకునే రోజుల నుంచి అలవాటైన పాత పుస్తకం అంకెలే ఇక్కడ ఇస్తున్నాను. నూరు గ్రాములకు బియ్యం 345, కందిపప్పు 335, రాగులు 328, బెల్లం 383, గేదె పాలు 117, ఆవు పాలు 67, కోడిగుడ్డు 173, అరటిపండు 116, మామిడిపండు 74.

ఇప్పుడు బాటిల్ లెక్క

మనం ఎక్కువగా ఎక్కించే గ్లూకోజు ఐదు శాతం ద్రావణం. అంటే వంద మిల్లీలీటర్లలో ఐదు గ్రాములు. 500 మిల్లీలీటర్ల బాటిల్‌లో 25 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. ఈ గ్లూకోజు పలుకుల్లో నీటి అణువు కూడా కలిసి ఉంటుంది కాబట్టి గ్రాముకు 3.4 కెలోరీలే లెక్క. 25ను 3.4తో గుణిస్తే 85.

అంతే. ఎనభై అయిదు. ఒక అరటిపండు కన్నా తక్కువ.

సెలైన్ అనే ఉప్పునీటి బాటిల్‌లో ఎంత? కెలోరీమీటరులో ఉప్పు బిళ్ళ సంగతి చెప్పాను కదా. సున్నా. "బలం సూది" అని మీరు అడిగే బి కాంప్లెక్స్‌లో కూడా చెప్పుకోదగ్గ కెలోరీలు లేవు. విటమిన్లు కట్టె మండడానికి సాయపడతాయి గాని అవే కట్టెలు కావు.

యాభై కిలోల మనిషి కదలకుండా మంచం మీద పడుకున్నా గుండె కొట్టుకోవడానికి, ఊపిరికి, ఒంటి వేడికి రోజుకు సుమారు 1,200 కెలోరీలు ఖర్చవుతాయి. జ్వరం ఉంటే, ఒంటి వేడి ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెరిగిన కొద్దీ ఈ ఖర్చు పది శాతానికి పైగా పెరుగుతుంది. కాబట్టి జ్వరంతో ఉన్నవాడికి తిండి తగ్గించాలి అనేది తలకిందుల మాట. రోజుకు మూడు గ్లూకోజు బాటిళ్ళు ఎక్కించామే అనుకోండి, 255 కెలోరీలు. మిగతా వేయి ఎక్కడి నుంచి వస్తాయి? రోగి ఒంట్లోని కొవ్వు నుంచి, కండ నుంచి. అంటే తన కండ తానే తింటున్నాడు. కుట్టు మానడానికీ, దగ్గి కఫం బయటికి తేవడానికీ, లేచి నడవడానికీ కావలసింది ఆ కండే. ఆ పెద్దాయన లేవలేకపోవడానికి కారణం కుట్టు కాదు, ఆకలి. ఆ రోజు సిస్టరుగారు కాగితం నా చేతికిచ్చి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

ఆ 255కు సరిపోయే తిండి ఎంతో చూడండి. 30 గ్రాముల రాగిపిండి (98), 100 మిల్లీలీటర్ల గేదె పాలు (117), 10 గ్రాముల బెల్లం (38). ఒక పెద్ద గ్లాసు జావ. మొత్తం 253. మూడు బాటిళ్ళూ ఒక గ్లాసు జావా సమానం. పైగా జావలో మాంసకృత్తులున్నాయి, సున్నం ఉంది, బాటిల్‌లో అవి లేవు. అయితే జావ చిక్కగా ఉండాలి. ఒక చెంచా పిండి వేసి చెంబెడు నీళ్ళు పోసి కాస్తే గ్లాసుకు ముప్పై కెలోరీలు కూడా రావు. రోగి కడుపు నిండుతుంది, లెక్క మాత్రం నిండదు. మెత్తగా వండిన అన్నం 50 గ్రాముల బియ్యంతో, పాతిక గ్రాముల కందిపప్పు, ఒక చిన్న చెంచా నెయ్యి కలిపితే మూడు వందలు దాటుతుంది.

మరి బాటిల్ దండగా? ఎంతమాత్రం కాదు. వాంతులు, విరేచనాలతో నీరు తగ్గినప్పుడు, రక్తస్రావంలో, షుగరు పడిపోయినప్పుడు, ఆపరేషన్ అయి నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడని వేళల్లో, మందులు నరానికి ఎక్కించాలన్నప్పుడు అది ప్రాణం కాపాడుతుంది. అది నీరు, లవణాల లోటు తీర్చేది. అన్నం లోటు తీర్చేది కాదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు అవసరం లేకుండా ఎక్కిస్తే ఒంటికి నీరు వచ్చి ఆయాసం కూడా రావచ్చు. నోటితో తినలేని రోగికి ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చే పద్ధతి ఉంది. చాలా కుటుంబాలు గొట్టం అనగానే "ఇక ఆశ లేదన్నమాట" అని ఏడుస్తారు. ఆశ ఉంది కాబట్టే గొట్టం వేస్తాం.

క్షయ రోగుల ఇళ్ళవాళ్ళకు ఒక మాట. జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. రోగి ఇంట్లోవాళ్ళకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే వాళ్ళకు క్షయ సోకడం 39 శాతం తగ్గింది. ప్రభుత్వం చికిత్స కాలంలో రోగి ఆహారానికి 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తోంది. మీకు అందకపోతే మందులిచ్చేచోట అడగండి. ఆ డబ్బుతో డబ్బాపొడులు కొనకండి. వేరుశనగ, పప్పు, గుడ్లు కొనండి.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మగతగా ఉన్న రోగి నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వారం పది రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెట్టకూడదు. రక్తంలోని భాస్వరం, పొటాషియం హఠాత్తుగా పడిపోయి గుండెకే ప్రమాదం. కొద్ది కొద్దిగా పెంచాలి, ఎంతో డాక్టరుగారు చెబుతారు. షుగరు ఉన్నవాళ్ళకు జావలో బెల్లం వేయవద్దు. కిడ్నీ జబ్బువాళ్ళకు పప్పు, పాలు ఎంతో అడిగి పెట్టండి.

ఇక మంచం పక్కన ఉండేవాళ్ళు ఒక పని చేయండి. చిన్న కాగితం మీద ఉదయం నుంచి రోగి ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో రాయండి. "బాగానే తిన్నాడు" అని కాదు, "రెండు ఇడ్లీల్లో ఒకటిన్నర, పాలు అర గ్లాసు" అని రాయండి. చదువు రాకపోతే గ్లాసు బొమ్మ గీసి ఎంతవరకు తాగాడో గీత పెట్టినా చాలు. సాయంత్రం డ్యూటీకి వచ్చిన సిస్టరుకు ఆ కాగితం ఇవ్వండి, పై పట్టిక చూసి ఆమే లెక్క కట్టి చెబుతుంది. ఆరు వందలు కూడా దాటలేదంటే మర్నాడు రౌండ్సులో డాక్టరుగారికి చూపిస్తాం.